ఓర్టోనాలో తోమా గారి దేవాలయం: కడప నుంచి వెళ్లేవాళ్లకు

కడపలో అమ్మే ఇటలీ యాత్ర ప్యాకేజీల్లో వాటికన్, అస్సీసీ, పాదువా ఎటూ ఉంటాయి. ఓర్టోనా పేరు మాత్రం అరుదుగా కనిపిస్తుంది. రైలెక్కి చెన్నైలోని మైలాపూర్ సంతోమ్ చర్చికి పోయి మొక్కు తీర్చుకునే మన జిల్లా కుటుంబాలకు ఇది పెద్ద లోటే. సంతోమ్‌లో మనం మోకరిల్లేది యేసు శిష్యుడైన తోమా గారిని మొదట పాతిపెట్టిన చోట. ఆయన ఎముకలుగా ఇటలీ వాళ్లు కాపాడుకుంటున్నవి ఉన్నది ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున, అబ్రుజ్జో ప్రాంతంలోని ఈ చిన్న రేవు పట్టణంలో. మైలాపూర్ చూసినవాళ్లు రోమ్ దాకా పోయి ఇక్కడికి రాకుండా తిరిగొస్తే ఆ యాత్ర సగమే అయినట్టు.

సంప్రదాయం చెప్పేదాని ప్రకారం అవశేషాలు మన దేశం నుంచి 3వ శతాబ్దంలో ఎదెస్సాకు (నేటి టర్కీలో ఉంది), అక్కడి నుంచి గ్రీకుల ఖియోస్ ద్వీపానికి చేరాయి. 1258లో లియోనె అచ్చాయోలి అనే ఓడల నాయకుడు ఖియోస్ నుంచి వాటిని, సమాధి మీది రాతితో సహా, ఓర్టోనాకు తెచ్చాడు. వచ్చిన రోజు సెప్టెంబర్ 6. ఇక్కడి నుంచి ఒక చేతి ఎముక 1953లో కేరళలోని కొడుంగళ్లూరుకు వచ్చింది. అక్కడికి వెళ్లొచ్చినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది.

వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి చూసిన కళ్లతో లోపలికి వెళ్తే మాత్రం నిరాశే. గోడలు, కప్పు చాలావరకు కొత్తవి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 డిసెంబర్ 20 నుంచి 28 దాకా, జర్మన్ పారాట్రూపర్లకూ కెనడా సైన్యానికీ ఈ ఊళ్లో ఇంటింటా పోరు జరిగింది. శత్రువు దారి మూసేయాలని జర్మన్లు ఇళ్లు పేల్చి వీధుల్లో కూల్చారు. దేవాలయం పక్కనున్న బురుజునూ పేల్చేశారు, ఆ దెబ్బకు గుడి గోపురం సగానికి చీలిపోయింది. మళ్లీ కట్టి 1949లో తెరిచారు. అందుకే లోపలికి వెళ్లేముందు తలుపు దగ్గర కాసేపు ఆగండి. 1311లో నికోలా మంచిని చెక్కిన రాతి ద్వారబంధం యుద్ధంలో ముక్కలైతే, దొరికిన ముక్కలను ఏరి మళ్లీ నిలబెట్టారు. దగ్గరగా నిలబడి కమాను వెంట పైదాకా చూస్తే పాత పనితనం తెలుస్తుంది. చాలామంది లోపలికి పోవాలనే తొందరలో దీన్ని చూడనే చూడరు.

అసలు చూడాల్సింది కింద, నేలమాళిగలో. మెట్లు దిగితే చిన్న గది, మధ్యలో బలిపీఠం, దాని లోపల బంగారు పూత వేసిన రాగి పెట్టె. అవశేషాలు అందులోనే ఉన్నాయి. ఖియోస్ నుంచి తెచ్చిన సమాధి రాయినీ అడిగి చూడండి. తలచుట్టూ వలయంతో నడుము దాకా చెక్కిన మనిషి రూపం, పక్కన గ్రీకు అక్షరాల్లో ‘పవిత్రుడు తోమా’ అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తాయి. పైన పెద్ద హాలులో నాలుగు ఫోటోలు తీసుకుని, కింద గది ఉందనే తెలియక వెనక్కి వచ్చేయడం గుంపుతో వెళ్లినవాళ్లకు తేలిగ్గా జరిగే పొరపాటు. మీ ఫాదర్ గారు వెంట వస్తుంటే, నేలమాళిగ పీఠం దగ్గర దివ్యపూజ చేసుకోవడానికి ముందుగానే మెయిల్ రాసి అనుమతి అడగమనండి. అప్పటికప్పుడు అడిగితే కుదరకపోవచ్చు.

ఈ యాత్ర చెడేది ఎక్కువగా వేళ దగ్గరే. ఇటలీ చిన్న పట్టణాల్లో చర్చిలు మధ్యాహ్నం మూసేస్తారు. సుమారు 12 నుంచి 4 దాకా తలుపులు తెరవరని అనుకుని బయలుదేరండి. రోమ్‌లో పొద్దున బస్సెక్కితే సరిగ్గా ఆ వేళకే ఓర్టోనాలో దిగుతారు. ముందు రాత్రే వచ్చి ఊళ్లో పడుకోవడం మేలు. ప్రవేశ రుసుము లేదు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీర, చుడీదార్, ప్యాంటు ఏదైనా సరిపోతుంది, నిక్కర్లు వద్దు.

దారి ఇలా: రోమ్ ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి లోకల్ రైల్లో తిబుర్తీనా స్టేషన్‌కు, అక్కడి నుంచి పెస్కారాకు బస్సు. పెస్కారాకు రైలు కూడా ఉంది కానీ కొండలు చుట్టి వచ్చేసరికి బస్సుకంటే ఆలస్యం. పెస్కారా నుంచి ఓర్టోనా దాదాపు 20 కిలోమీటర్లు. సముద్రం పక్కనే పోయే రీజనల్ రైలు ఎక్కండి. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫారం మీది మెషీన్‌లో ముద్ర కొట్టించుకోవాలి. డబ్బు కట్టి కొన్న టికెట్టే అయినా ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు. ఫోన్ టికెట్ అయితే చెక్‌ఇన్ నియమం ఏమిటో ఎక్కేముందే యాప్‌లో చూసుకోండి. ఓర్టోనా స్టేషన్ కింద రేవు దగ్గర, పాత ఊరు పైన గట్టు మీద. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, సూట్‌కేసులున్నవాళ్లు నడుద్దామనుకోవద్దు, బస్ వేళలు చూసుకోండి లేదా బస చేసే చోటుకు చెప్పి టాక్సీ పిలిపించుకోండి. ఆదివారాల్లో ఊరి బస్సులు బాగా తగ్గిపోతాయి.

మే నెల మొదటి ఆదివారం ఇక్కడి పెద్ద పండగ, పెర్దోనో. వెండి తాళంచెవులను ఊరేగింపుగా దేవాలయానికి తెస్తారు. మనం జూలై 3న చేసే తోమా గారి పండగకంటే ఇదే వాళ్లకు పెద్దది. ఆ వారం గదులు దొరకడం కష్టం, ముందే తీసుకోవాలి. ఆగస్టులో ఊరంతా సముద్ర స్నానాలకు వచ్చినవాళ్లే, ధరలూ ఎక్కువ. ప్రార్థన కోసం వెళ్లేవాళ్లు ఆ నెల మానుకోండి.

తిండికి మనవాళ్లకు ఇబ్బంది లేదు. అరొస్తిచీని అంటే పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాల్చే గొర్రె మాంసం ముక్కలు. ఉప్పు తప్ప మసాలా ఏమీ ఉండదు, కారం అలవాటైన నోటికి చప్పగా అనిపిస్తుంది. ఇంటినుంచి కారప్పొడి తీసుకెళ్లండి. రేవు ఊరు కాబట్టి చేపల పులుసు లాంటి బ్రొదేత్తో కూడా బాగుంటుంది. బిల్లులో ‘కొపేర్తో’ అని మనిషికి కొంత కలిపితే మోసం కాదు, అది కూర్చున్నందుకు వేసే మామూలు రుసుము.

రెండో రోజు ఉంటే లాంచానో ఊళ్లోని దివ్యసత్ప్రసాద అద్భుతపు దేవాలయం చూడవచ్చు, అది దగ్గరే. భారతీయులు మరిచిపోకూడని ఇంకో చోటు దక్షిణాన సంగ్రో నది దగ్గరి సైనిక శ్మశానం. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయి దహనమైన 500 మందికిపైగా భారతీయ సైనికుల పేర్లు అక్కడి స్మారకం మీద ఉన్నాయి. అక్కడికి బస్సు నమ్ముకోకండి, కారు మాట్లాడుకోండి.

ఇటలీకి వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల లోపు మిగిలాక పెట్టడానికి లేదు. రోజువారీ ప్రణాళికలో ఓర్టోనా బసను కూడా రాయండి; బుకింగ్ కాగితాలకు, రాసిన ప్రణాళికకు పొంతన లేకపోతే ఫైలు మీద ప్రశ్నలు వస్తాయి.