బాణాలు కాదు, అంకెలు చూడండి: ఒక ఆవర్తన పట్టిక చార్టు గురించి

గోడకి తగిలించే పెద్ద ఆవర్తన పట్టిక చార్టు ఒకటి కొన్నాను, లామినేషన్ చేసింది. కొన్నందుకు బాధ లేదు కానీ ఒక్క విషయంలో మాత్రం బాగా చిరాకొచ్చింది.

ముందు నచ్చింది చెప్తా. మామూలు చార్టుల్లో అంచున రెండు బాణాలు గీసేసి, కుడికి వెళ్తే అయనీకరణ శక్తి (పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని లాగేయడానికి కావాల్సిన శక్తి) పెరుగుతుంది, కిందికి వెళ్తే తగ్గుతుంది అని చేతులు దులుపుకుంటారు. ఇందులో ప్రతి గడిలో అసలు విలువ వేసి, దాన్నిబట్టి రంగు ముదురుగానో లేతగానో ఇచ్చారు, అందుకని బాణం దాచేసేవన్నీ బయటపడతాయి. బెరీలియం 9.32 ఎలక్ట్రాన్ వోల్టులు, పక్కనే ఉన్న బోరాన్ 8.30. పెరగాల్సింది తగ్గిందేంటి? బోరాన్‌లో పోయేది 2పి ఉపకర్పరంలోని ఎలక్ట్రాన్, బెరీలియంలో పోయే 2ఎస్ ఎలక్ట్రాన్ కన్నా దాన్ని లాగడం తేలిక. నైట్రోజన్ 14.53 నుంచి ఆక్సిజన్ 13.62కి దిగుతుంది, కాకపోతే అక్కడ కారణం వేరు, ఒకే ఆర్బిటాల్‌లో (ఎలక్ట్రాన్లు ఉండే చోటు) రెండో ఎలక్ట్రాన్ చేరేసరికి వాటి మధ్య వికర్షణ. నన్నడిగితే ఈ రెండు మెట్లు అర్థమైతే ట్రెండ్స్ సగం వచ్చినట్టే.

జిర్కోనియం, దాని కింద హాఫ్నియం దాదాపు ఒకే సైజులో ఉంటాయని చూపించి, పక్కనే లాంథనైడ్ సంకోచం అని రాశారు, అంటే కిందికి వెళ్తే పెరగాల్సిన సైజు మధ్యలో వచ్చే లాంథనైడ్ మూలకాల వల్ల పెరగకపోవడం. మంచి పని.

ఇక చిరాకు సంగతి. పరమాణు వ్యాసార్థం పీరియడ్‌లో (అడ్డ వరుసలో) కుడికి వెళ్లేకొద్దీ తగ్గాలి, కేంద్రకం ఆవేశం పెరుగుతుంది, కర్పరం మాత్రం అదే కాబట్టి. ఇందులో ఫ్లోరిన్ వరకు బుద్ధిగా తగ్గి, నియాన్ దగ్గర ఒక్కసారిగా ఉబ్బిపోయింది! మిగతావాటికి సమయోజనీయ వ్యాసార్థం (బంధంలో ఉన్న పరమాణువుది), జడవాయువులకి వాండర్ వాల్స్ వ్యాసార్థం (బంధం లేకుండా పక్కపక్కనున్న పరమాణువుది, అది పెద్దగా ఉంటుంది) వేసి కలిపేశారు, కింద ఎక్కడా చిన్న గమనిక కూడా లేదు. ఒకరి ఎత్తు చెప్పులతో, ఇంకొకరిది చెప్పుల్లేకుండా కొలిచినట్టుంది. ఋణవిద్యుదాత్మకతకి (బంధంలోని ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కునే గుణం) మాత్రం పాలింగ్ స్కేలు అని శ్రద్ధగా రాశారు, ఫ్లోరిన్ 3.98 అని. ఆ శ్రద్ధ ఇక్కడేమైందో!

ఎలక్ట్రాన్ అఫినిటీ (పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ని చేర్చుకుంటే విడుదలయ్యే శక్తి) అసలు వేయలేదు. క్లోరిన్ 3.61, దాని పైనున్న ఫ్లోరిన్‌కి అంతకన్నా తక్కువగా 3.40 ఎలక్ట్రాన్ వోల్టులు అని పక్కపక్కన కనబడితే ఎంత బాగుండేదో.

118వ మూలకం ఒగనెస్సాన్‌కి వాయువు రంగు వేసేశారు, ఇప్పటిదాకా తయారైనవే కొద్ది పరమాణువులైతే అది వాయువో కాదో ఎవరు కొలిచారు? కొంటే కొనండి, పర్వాలేదు, జడవాయువుల నిలువు వరుసలో వ్యాసార్థం అంకెల పక్కన మాత్రం మార్కర్‌తో ఒక చుక్క పెట్టుకోండి.