రెవిట్‌లో క్లాడింగ్ డీటెయిల్: గోడంతా బాగానే ఉంది, చిక్కంతా కిటికీ దగ్గరే

ముందే చెప్పేస్తున్నా, ఇది రెవిట్ (భవనాన్ని 3డీలో మోడల్ చేసి డ్రాయింగులు తీసే సాఫ్ట్‌వేర్) మొత్తం మీద రివ్యూ కాదు. బయటి గోడ క్లాడింగ్‌ని, అంటే గోడ మీద వేసే ప్యానెళ్ల తొడుగుని, డ్రాయింగుల్లో సరిగ్గా చూపించాలంటే అది ఎంతవరకు పనికొస్తుందన్నదే నా గోల. రోజూ దాంతోనే పని కాబట్టి పొగడాలన్న సరదా లేదు, తిట్టాలన్న కసీ లేదు. ఉత్త బొమ్మ కావాలంటే స్కెచప్‌లో తొందరగా అయిపోతుంది. గోడలో ఏ పొర తర్వాత ఏముందో, ఎంత మందమో, ఎక్కడ ఆగుతుందో సైట్లో కట్టేవాడికి చెప్పాల్సి వచ్చినప్పుడే రెవిట్ అవసరం తెలుస్తుంది.

పొరల సంగతి నిజంగా బాగుంటుంది. గోడ టైప్‌లోకి వెళ్లి అసెంబ్లీ తెరిస్తే బయటి ప్యానెల్, గాలి సందు, ఇన్సులేషన్, బ్లాకు, లోపలి ప్లాస్టర్ వరసగా పేర్చుకోవచ్చు. ఒక్కో పొరకి ఒక ఫంక్షన్, దాని పక్కన ఒక నంబరు: స్ట్రక్చర్‌కి 1, సబ్‌స్ట్రేట్‌కి (ఫినిష్ వెనక ఆధారపు పొరకి) 2, థర్మల్ లేదా ఎయిర్ పొరకి 3, ఫినిష్‌లకి 4, 5. రెండు గోడలు కలిసే చోట చిన్న నంబరుదే పెద్దరికం, పెద్ద నంబరు పొర ఆగిపోయి దానికి దారిస్తుంది. క్లాడింగ్ ఒక్కటే స్లాబ్ కిందకి 150 మి.మీ. దిగాలంటే, ఆ పొర అడుగున తాళం తీసేసి గోడ ప్రాపర్టీస్‌లో కొలత ఇస్తే చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు "అన్నీ పెట్టాను, ప్లాన్‌లో ఒక్క పొరా కనిపించట్లేదు" అని టెన్షన్ పడుతుంటారు. డీటెయిల్ లెవెల్ కోర్స్‌లో (అన్నిటికన్నా తక్కువ వివరంలో) ఉంటే కనిపించవు మరి, మీడియం చేసి చూడండి.

ఇక హ్యాచ్, అంటే గోడ మీద నింపే గీతల ప్యాటర్న్. ఇక్కడ నా పరువు ఒకసారి పోయింది, తప్పు కూడా నాదే. ప్యానెల్ వెడల్పు 600 మి.మీ. ఎలివేషన్ (గోడని ఎదురుగా చూపించే డ్రాయింగ్) 1:100లో గీస్తున్నాం కదా అని మెటీరియల్‌కి 6 మి.మీ. ఎడంతో డ్రాఫ్టింగ్ ప్యాటర్న్ పెట్టేశాను, చూడ్డానికి ముచ్చటగా ఉంది. తర్వాత అదే గోడని 1:50లో పెద్దగా ఇంకో షీట్‌లో పెట్టాను. డ్రాఫ్టింగ్ ప్యాటర్న్ కాగితాన్ని చూస్తుంది గాని గోడని చూడదు, స్కేల్ మారినా గీతల మధ్య 6 మి.మీ. అలాగే ఉంటుంది. దాంతో 12 మీటర్ల గోడ మీద ఒక షీట్‌లో 20 ప్యానెళ్లు, ఇంకో షీట్‌లో 40. సైటు నుంచి ఫోను: "సార్, ఇందులో ఏది నిజం?" ఏం చెప్తాం? అప్పటి నుంచి క్లాడింగ్‌కి మోడల్ ప్యాటర్న్ తప్ప ఇంకోటి ముట్టుకోను. దాని గీత గోడ మీద నిజంగా ఉన్న జాయింట్ లాంటిది, డైమెన్షన్ పెట్టొచ్చు, కిటికీ అంచుకి అలైన్ చేయొచ్చు, ఏ స్కేల్‌లో చూసినా 600 అంటే 600.

అసలు తలనొప్పి కిటికీ. పొర బయటి నుంచి కిటికీ చెంపకి తిరగాలని వ్రాపింగ్ సెట్ చేస్తే, విండో ఫ్యామిలీలో (కిటికీ మోడల్ ఫైల్లో) వాల్ క్లోజర్, అంటే పొర ఎక్కడిదాకా తిరగాలో చెప్పే సెట్టింగ్ కూడా ఉంటే, ప్లాన్‌లో చక్కగా తిరుగుతుంది. అదే కిటికీని నిలువు సెక్షన్‌లో (గోడని నిలువుగా కోసి చూపించే డ్రాయింగ్‌లో) చూడండి, పైనా కిందా పొరలన్నీ రంపంతో కోసినట్టు తెగిపోయి ఉంటాయి, ఎందుకంటే వ్రాపింగ్ ప్లాన్ వ్యూకే పరిమితం. నీళ్లు లోపలికి దిగేదీ, ఇన్సులేషన్ తెగేదీ అక్కడే. నిప్పు సంగతి సరే సరి: 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మందిని పొట్టనపెట్టుకున్న మంట ఒక ఫ్లాట్ వంటింట్లో మొదలై, కిటికీ దగ్గరి నుంచే బయటి క్లాడింగ్‌కి అంటుకుంది. అందుకే ఆ అంచుని ప్రోగ్రామ్ ఎలా చూపిస్తే అలా వదిలేయడానికి నాకు మనసొప్పదు.

నేను చేసేది ఏంటంటే, క్లాడింగ్‌ని విడి గోడగా పెడతాను. లోపలి గోడ ఒకటి, దాని బయట గాలి సందూ ప్యానెలూ కలిపి ఇంకొకటి. గాలి సందుని కూడా పొరగానే పెట్టాలి, ఖాళీగా వదిలేస్తే రెండు గోడలూ ఒకదాన్నొకటి తాకవు. కిటికీ లోపలి గోడనే కోస్తుంది, కానీ రెండింటినీ జాయిన్ జామెట్రీ (రెండిటినీ కలిపే కమాండ్) చేస్తే బయటి గోడలో కూడా రంధ్రం పడుతుంది. ప్యానెళ్లు విడివిడిగా, మధ్యలో 10 మి.మీ. సందుతో కావాలంటే ఆ బయటి గోడకి పార్ట్స్ (గోడ పొరల విడి ముక్కలు) చేసి డివైడ్ చేస్తాను, ఒక్కో ప్యానెల్ షెడ్యూల్‌లో (లెక్కల పట్టికలో) లెక్కకి కూడా వస్తుంది. పని ఎక్కువే, ఒప్పుకుంటా. ముఖ్యమైన ముఖద్వారం వైపు గోడకి చేస్తాను, వెనక గోడకి మోడల్ ప్యాటర్న్‌తో సరిపెడతాను.

ఇదంతా దానంతట అదే చేసేస్తుందని ఒక యాడ్-ఇన్ (రెవిట్‌కి తగిలించే అదనపు ప్రోగ్రామ్) కొన్నాం, పేరు అడక్కండి. ప్యానెళ్లు నిజంగానే నిమిషాల్లో పేర్చేసింది. ఆ తర్వాత కిటికీ 200 మి.మీ. పక్కకి జరిపితే, ప్యానెళ్లు పాత చోటే కోసుకుని కూర్చున్నాయి. మళ్లీ మొదటికి.

బ్రాకెట్లు, పట్టీలు, స్క్రూలు మాత్రం మోడల్ చేయొద్దు. నేను ఒక ఆరంతస్తుల పనిలో ఆ సరదా తీర్చుకున్నాను, సెక్షన్ తెరిచినప్పుడల్లా టీ తాగి రావచ్చు. కాల్‌అవుట్‌లో (ఒక భాగాన్ని పెద్దది చేసి చూపించే డ్రాయింగ్‌లో) డీటెయిల్ కాంపొనెంట్లు (రెడీమేడ్ 2డీ బొమ్మలు), ఫిల్డ్ రీజియన్ (హ్యాచ్ నింపిన ప్రాంతం), ఇన్సులేషన్ గీత, ఇవి చాలు. కాకపోతే అవి 2డీ గీతలు, రేపు ఇన్సులేషన్ 50 నుంచి 75కి మారితే గోడ లావవుతుంది, మీరు గీసిన బ్రాకెట్ ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి ప్రింట్ ఇచ్చే ముందు ప్రతి కాల్‌అవుట్ తెరిచి చూడాల్సిందే.

నా మార్కులు: పొరలకి అయిదుకి నాలుగున్నర, ప్యాటర్న్‌కి నాలుగు, కిటికీ అంచుకి రెండు, అదీ ప్లాన్ పుణ్యమాని. పార్ట్స్‌తో చేసేవాళ్లు ప్రతి వ్యూలో పార్ట్స్ విజిబిలిటీ మార్చుతూ కూర్చోకుండా దాన్ని వ్యూ టెంప్లేట్‌లో (చాలా వ్యూలకి ఒకేసారి వర్తించే సెట్టింగుల్లో) పెట్టేయండి, లేదంటే ఒక షీట్‌లో ప్యానెళ్లు, పక్క షీట్‌లో బోడి గోడ వస్తాయి.