ఆపరేషన్‌కు ఐదుకు ఐదు, డిశ్చార్జ్ కాగితానికి రెండు

ఖమ్మంలో బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు నాది. రివ్యూలు రాసే అలవాటు లేదు. మా పాపకు హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్ అయి మూడు నెలలైంది, అక్కడ చూసింది రాసి పెడితే ఇంకో తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నా. ఆసుపత్రి పేరు మాత్రం రాయను. నాకు ఈ సంగతులన్నీ ఓపిగ్గా చెప్పిన కుర్రాడికి అక్కడ మాట రాకూడదు.

పాపకు అప్పుడు పద్నాలుగు నెలలు, బరువు ఏడున్నర కిలోలు. గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం, వీఎస్‌డీ అంటారు. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది. బయట గది అద్దె, తిండి మా జేబులోంచి. క్యాంటీన్ ఇడ్లీ గురించి చెప్పకపోవడమే మంచిది. సర్జన్‌కు మాత్రం చేతులెత్తి మొక్కాలి. గుండె, ఊపిరితిత్తుల పని బయటి నుంచి చేసే పంపు మీద 72 నిమిషాలు ఉంచి రంధ్రానికి ప్యాచ్ వేశారు. మర్నాటికే వెంటిలేటర్ తీసేశారు.

రెండో రోజు రాత్రి 101 జ్వరం వచ్చింది. మొహం ఉబ్బి, కళ్లు సన్నగా గీతల్లా అయ్యాయి. సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) బాగా పెరిగిందని, ఇన్ఫెక్షన్ కావచ్చని డ్యూటీ నర్సు ఓ మాట అనేసి వెళ్లిపోయింది. మా ఆవిడ ఏడుపు ఆపలేదు. రిపోర్టు కాగితం నా చేతిలో ఉంది. తెల్ల రక్తకణాల్లో రెండు రకాల లెక్క అందులో ఉంది. ఆపరేషన్‌కు ముందు లింఫోసైట్లు 58 శాతం, ఇప్పుడు 14. న్యూట్రోఫిల్స్ మాత్రం 80 దాటాయి. అంకెలు తలకిందులయ్యాయని తెలుస్తోంది, ఎందుకో చెప్పేవాళ్లు లేరు.

పొద్దున టీ కొట్టు దగ్గర ఆ కుర్రాడు కలిశాడు. పర్‌ఫ్యూజనిస్ట్, అంటే ఆపరేషన్‌లో గుండె-ఊపిరితిత్తుల మిషన్ నడిపేవాడు. నేను మోటార్ల పని చేస్తానని చెబితే ఉత్సాహంగా కూర్చున్నాడు.

"అన్నా, మా పంపులో రక్తం లోపలి భాగాలను తాకదు. మెత్తటి ట్యూబును రోలర్లు నొక్కుకుంటూ తిరుగుతాయి, రక్తం ముందుకు పోతుంది. కానీ ఆ ట్యూబు ప్లాస్టిక్, రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే ఆక్సిజనేటర్ ప్లాస్టిక్. మీ పాప ఒంట్లో రక్తమంతా కలిపి 600 మిల్లీలీటర్లు. మా సర్క్యూట్ నిండటానికే 300 దాకా కావాలి. అందుకే దాతల రక్తం కలుపుతాం."

ఆ ప్లాస్టిక్‌ను తాకగానే రక్తం దాన్ని శత్రువనుకుంటుందట. ముందు కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు రెచ్చిపోతాయి. అవి పిలిస్తే న్యూట్రోఫిల్స్ గుంపుగా లేచి, సూక్ష్మజీవుల మీద వాడాల్సిన ఎంజైములను రక్తనాళాల గోడల మీదే కుమ్మరిస్తాయి. గోడలు కారతాయి, నీరు ఒంట్లోకి దిగుతుంది. పాప మొహం ఉబ్బింది అందుకే. గుండెకు రక్తం కాసేపు ఆపి మళ్లీ వదలడం కూడా ఈ మంటను (డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు) పెంచుతుంది. కణాలు ఒకదానికొకటి పంపుకునే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేతాలు పెరిగి జ్వరం, దాని వెనకే సీఆర్‌పీ. సీఆర్‌పీ రెండు మూడు రోజుల్లో పైకి పోవడం పంపు మీద ఉన్న పిల్లల్లో మామూలే. అదొక్కటీ చూసి ఇన్ఫెక్షన్ అనలేరు.

"మరి లింఫోసైట్లు ఏమైనట్టు?" అన్నాను.

తర్వాత రెండో దశ ఉంటుందట. మంట ఎక్కువైతే ఒళ్లే దాన్ని అణచడానికి ఇంటర్‌ల్యూకిన్-10 వదులుతుంది. లింఫోసైట్లలో ఒక రకమైన టీ కణాలు (ఇంగ్లిష్ అక్షరం T) తగ్గుతాయి. మోనోసైట్లు అనే ఇంకో రకం తెల్లకణాల మీద హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే గుర్తు పడిపోతుంది, అంటే సూక్ష్మజీవిని పట్టుకున్నా మిగతా కణాలకు చూపించలేవు. నాకు స్టార్టర్ డబ్బా గుర్తొచ్చింది. మోటారు ఒక్కసారిగా కరెంటు లాగితే రిలే పడిపోతుంది, రీసెట్ అయ్యేదాకా లైను ఉన్నా మోటారు తిరగదు. ఆ మాటే అంటే, "అదే అన్నా, అసలు ఇన్ఫెక్షన్ భయం ఆ రోజుల్లోనే" అన్నాడు. ఐసీయూలోకి పోయే ముందు మమ్మల్ని ఎందుకన్నిసార్లు చేతులు కడిగించారో అప్పుడు అర్థమైంది. ఆ మధ్యాహ్నమే డాక్టర్లు ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చే ప్రోకాల్సిటోనిన్, బ్లడ్ కల్చర్ పరీక్షలకు రక్తం పంపారు, రెండింటిలో ఏమీ రాలేదు. మూడో రోజుకు జ్వరం దిగింది.

ఇంటికొచ్చాక చాలా చదివాను. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో వాల్టన్ లిల్లహై ఇదే రంధ్రం మూసినప్పుడు మిషన్ లేదు, పిల్లాడి తండ్రి గుండె, ఊపిరితిత్తులే మిషన్. రంధ్రం మూశారు గానీ పదకొండో రోజున పిల్లాడు న్యుమోనియాతో పోయాడు. ఇది మా ఆవిడకు చెప్పలేదు. మంట తగ్గడానికి స్టెరాయిడ్ ఇస్తే సరిపోదా అని నాకూ అనిపించింది. అమెరికాలో 24 ఆసుపత్రుల్లో సుమారు 1,200 మంది శిశువుల మీద పరీక్షించి 2022లో ఫలితం చెప్పారు: చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు, షుగర్ పెరిగి ఇన్సులిన్ ఇవ్వాల్సి రావడం మాత్రం ఎక్కువైంది.

థైమస్ సంగతి సర్జన్‌నే అడిగాను. టీ కణాలకు చదువు చెప్పే గ్రంథి అది, పిల్లల్లో పెద్దగా ఉండి గుండెకు అడ్డంగా వస్తుంది. కొంత తీశామని, కొంత ఉంచామని దాచకుండా చెప్పారు. తర్వాత కొన్నేళ్లు టీ కణాలు తక్కువగా ఉండొచ్చు గానీ చాలామంది పిల్లలు మామూలుగానే పెరుగుతారన్నారు. ఎవరూ అడక్కపోతే మాత్రం ఎవరూ చెప్పరు.

ఇక డిశ్చార్జ్ కాగితం. నాలుగు పేజీలు, మందుల పేర్లు, ఎకో రిపోర్టు, అన్నీ ఉన్నాయి. రక్తం ఎక్కించిన సంగతి ఎక్కడా లేదు. పదహారో నెలలో ఆశా అక్క ఇంటికొచ్చి మీజిల్స్-రుబెల్లా రెండో డోసు వేయిద్దామంది. మా ఊరి పిల్లల డాక్టరమ్మ కాగితం తిప్పి తిప్పి చూసి, "రక్తం ఏమేం ఎక్కించారు?" అంది. దాతల రక్తంలోని యాంటీబాడీలు ఆ టీకాను పని చేయనివ్వవట. ఎర్రకణాలైతే ఆరు నెలలు, ప్లాస్మా గానీ ప్లేట్‌లెట్లు గానీ అయితే ఏడు నెలలు ఆగాలట. డీపీటీ బూస్టర్‌కు అడ్డం లేదని అది అప్పుడే వేసేసింది.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. రిసెప్షన్ వాళ్లు బ్లడ్ బ్యాంకుకు కలిపారు, బ్లడ్ బ్యాంకు వాళ్లు వార్డుకు కలిపారు, వార్డులో ఎవరూ ఎత్తలేదు. నాలుగో రోజున వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది: ఎర్రకణాలు ఒకటి, ప్లాస్మా ఒకటి. ఆపరేషన్ ఆగస్టులో అయింది కాబట్టి టీకా మార్చిలో. మీ పిల్లల ఆపరేషన్ అయితే ఇంటికి బయల్దేరే ముందే ఆ రెండు లైన్లు రాయించుకోండి. ఆ ఫొటో ప్రింటు తీయించి పాప టీకా కార్డుకు పిన్ కొట్టాను.