బెంగళూరు నుంచి వచ్చిన సెడాన్, రెండు రీకాల్‌లు: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత సమీక్ష

2015 జూన్‌లో నేను కొన్న పెట్రోలు సెడాన్ 2012లో తయారైనది. బెంగళూరులో ఒక కుటుంబం మూడేళ్లు వాడి, 31 వేల కిలోమీటర్ల దగ్గర నాకు అమ్మింది. ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెప్పించుకుని చిత్తూరులో మళ్లీ రిజిస్టరు చేయించగా ఏపీ 03 నంబరు వచ్చింది. తిరుపతిలో ఉంటూ ప్రతి శనివారం చిత్తూరులో ఉన్న మా అమ్మ దగ్గరికి వెళ్లి రావడం, నెలకొకసారి కొండకు వెళ్లడం, అప్పుడప్పుడు చెన్నై ప్రయాణం, అన్నీ కలిపి 2024 నాటికి మీటరు లక్షా ముప్పై వేలు దాటింది.

కారు మంచిది. ఊళ్లో లీటరుకు పదకొండు, చంద్రగిరి దాటి పూతలపట్టు దారి పట్టాక పదహారు కిలోమీటర్ల వరకు ఇచ్చింది. తిరుమల నుంచి దిగేటప్పుడు రెండో గేరులో వదిలితే ఇంజనే వేగాన్ని పట్టి ఉంచేది కనుక బ్రేకుల మీద భారం పడేది కాదు. క్లచ్ ఒకసారి, బ్యాటరీ మూడుసార్లు మార్చాను. మే నెల ఎండలో ఏసీ చల్లబడడానికి సమయం పట్టేది తప్ప ప్రయాణికులు ఎన్నడూ ఇబ్బంది పడలేదు. ఇంత నమ్మకంగా నడిచిన బండిలో, నేను కొన్న నాటి నుంచి దాదాపు నాలుగేళ్లు, సరిచేయించవలసిన ప్రమాదకరమైన లోపం ఒకటి ఉండిపోయిందన్న సంగతి నాకు తెలియకపోవడమే ఈ సమీక్ష రాయడానికి కారణం. ఇటువంటి లోపం బయటపడినప్పుడు కంపెనీ ఆ బండ్లను వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేయడాన్నే రీకాల్ అంటారు.

ఆ లోపం డ్రైవరు ఎయిర్‌బ్యాగ్‌లో ఉంది. ప్రమాదం జరిగిన క్షణంలో బ్యాగును గాలితో నింపే చిన్న లోహపు డబ్బాను ఇన్‌ఫ్లేటర్ అంటారు. అందులోని రసాయన ఇంధనం అంటుకుని, రెప్పపాటు కూడా పట్టని కాలంలో వాయువును పుట్టిస్తుంది. నా కారులో ఉన్న రకం ఇన్‌ఫ్లేటర్లలో ఆ ఇంధనం అమ్మోనియం నైట్రేట్‌తో చేసినది. తేమను పీల్చే పదార్థం దానికి తోడుగా లేదు. ఏళ్ల తరబడి ఎండవేడి, గాలిలోని తేమ సోకితే అటువంటి ఇంధనం గుణం చెడి, మండవలసిన దానికన్నా వేగంగా మండుతుంది. అప్పుడు డబ్బా ఆ ఒత్తిడికి తట్టుకోలేక పగిలి, లోహపు ముక్కలు బ్యాగును చీల్చుకుని ఎదురుగా కూర్చున్నవారి మీదికి దూసుకువస్తాయి. ప్రాణం కాపాడవలసిన పరికరమే ప్రాణం తీయగలదు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండలో, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాల వానల్లో ఆరుబయట నిలబడే తిరుపతి కారుకు ఈ హెచ్చరిక ఎంత దగ్గరగా వర్తిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి లోపం బయటికి కనిపించదు. డ్యాష్‌బోర్డు మీది ఎయిర్‌బ్యాగ్ దీపం విద్యుత్ వలయం సరిగా ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఇంధనం పాడైన విషయం దానికి తెలియదు. నా కారులో ఆ దీపం తాళం తిప్పగానే వెలిగి, కొన్ని క్షణాలకు ఎప్పటిలాగే ఆరిపోయేది. దీపం ఆరింది కనుక అంతా క్షేమమే అనుకునే పొరపాటు నేను నాలుగేళ్లు చేశాను.

2019 ఏప్రిల్‌లో మా మేనల్లుడు, "మామా, నీ కారు పాతది కదా, ఛాసిస్ నంబరు కొట్టి రీకాల్ ఉందేమో చూశావా?" అని అడిగాడు. ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం) తీసి, కంపెనీ వెబ్‌సైటులో పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు (ప్రతి బండికీ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) నమోదు చేయగానే, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ మార్చవలసి ఉందని వచ్చింది. ఆ సాయంత్రమే బెంగళూరులోని మొదటి యజమానికి ఫోన్ చేశాను. "ఉత్తరం వచ్చింది సార్, రెండేళ్లు కావస్తోంది. కారు అమ్మేశాం కదా అని పక్కన పెట్టేశాం," అన్నారాయన. ఆయన మీద నాకు కోపం లేదు. కంపెనీ రికార్డుల్లో ఆయన చిరునామా, ఆయన ఫోన్ నంబరే ఉన్నాయి. బండి చేతులు మారింది, రాష్ట్రం మారింది, నంబరు పలక కూడా మారింది. మారనిది ఛాసిస్ నంబరు ఒక్కటే. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారు ఉత్తరం కోసం ఎదురుచూడకుండా, ఆ నంబరుతో తామే వెతుక్కోవాలని నేను గట్టిగా చెప్పడం అందుకే.

ఆ నంబరు ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అందులో ఇంగ్లీషు అక్షరాలు ఐ, ఓ, క్యూ ఎక్కడా రావు. ఆర్సీ మీద అరిగిపోయి ఓ లాగా కనిపించేది సున్నా, ఐ లాగా కనిపించేది ఒకటి అని గుర్తుంచుకోవాలి. ఒక్క అక్షరం తప్పినా మన బండి వివరాలు రావు. అప్పుడు రీకాల్ లేదనుకుని ఊరుకునే ప్రమాదం ఉంది. అనుమానం ఉంటే కారు మీద చెక్కిన నంబరుతో పోల్చి చూసుకోవడం మంచిది.

మరుసటి రోజు తిరుపతిలోని అధీకృత సర్వీస్ కేంద్రానికి వెళితే, విడిభాగం స్టాకు లేదని, వచ్చాక ఫోన్ చేస్తామని చెప్పారు. నోటిమాటతో వెనక్కి రాకుండా, ఛాసిస్ నంబరుతో నా అభ్యర్థనను నమోదు చేయించి, కాగితం తీసుకున్నాను. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పంపి, నా చిరునామా, ఫోన్ నంబరు వారి రికార్డుల్లో మార్పించాను. మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాలు కారును ఇంటి దగ్గరే ఉంచి, ఆర్టీసీ బస్సులో చిత్తూరు వెళ్లి వచ్చాను. అతి జాగ్రత్త అని కొందరు అన్నారు గాని, స్టీరింగ్ వెనకాల ఏముందో తెలిశాక ఆ సీట్లో కూర్చోవడానికి నాకు మనసు ఒప్పలేదు.

మార్పిడికి రెండు గంటలు పట్టింది. చివర్లో ఇచ్చిన బిల్లులో "తనిఖీ ఛార్జీ" అని ఆరు వందల రూపాయలు కనిపించింది. రీకాల్ పనికి యజమాని ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదని నేను మేనేజరుతో మాట్లాడాక దాన్ని తీసేశారు. సర్వీసును, రీకాల్‌ను ఒకే జాబ్ కార్డులో (చేయవలసిన పనులు రాసే కాగితంలో) కలపనివ్వకండి. రీకాల్ పని పూర్తయినట్లు వేరుగా కాగితం తీసుకోండి.

2020 చివర్లో అదే నంబరు మళ్లీ చూస్తే, ఈసారి ముందు ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్‌కు రీకాల్ వచ్చింది. ఒకసారి చేయించాం కదా అని నిశ్చింతగా ఉండకుండా ఆరు నెలలకొకసారి చూస్తున్నందువల్లే అది తెలిసింది. భాగం వచ్చేదాకా ఆ సీట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు. డ్యాష్‌బోర్డు విప్పే పని కనుక ఆ రోజు మధ్యాహ్నం దాకా సమయం పట్టింది. పని మొదలుపెట్టే ముందు అక్కడి టెక్నీషియన్, డ్యాష్‌బోర్డు మీద అంటించిన కాణిపాకం వినాయకుడి విగ్రహాన్ని చూపించి, "సార్, దీని కిందే ఎయిర్‌బ్యాగ్ మూత ఉంది. బ్యాగు తెరుచుకుంటే విగ్రహం నేరుగా మనిషి ముఖం మీదికే వస్తుంది," అని చెప్పాడు. మన ప్రాంతంలో స్వామి విగ్రహం లేని కారు అరుదు కనుక ఈ మాట ప్రతి ఒక్కరికీ చేరాలని కోరుకుంటున్నాను. నేను విగ్రహాన్ని ఇంటి పూజగదిలో ఉంచి, కారులో చిన్న పటాన్ని స్పీడోమీటరు పక్కన, మూతకు దూరంగా అంటించుకున్నాను. రొమ్ముకు, స్టీరింగ్‌కు మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండేలా సీటు జరుపుకోవడం కూడా ఆ రోజే నేర్చుకున్నాను.

చట్టం సంగతికి వస్తే, 2012 నుంచి పరిశ్రమ సంఘమైన సియామ్ రూపొందించిన స్వచ్ఛంద రీకాల్ నియమావళి ఉండేది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 110ఎ సెక్షను కేంద్రానికి రీకాల్ ఆదేశించే అధికారం ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నియమాలు అమలులోకి వచ్చాయి. వాటిలో పది లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా ఉంది. యజమానులు ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వ వాహన రిజిస్ట్రేషన్ వెబ్‌సైటైన వాహన్ పోర్టల్‌లో ప్రత్యేకమైన పేజీ ఉంది. అయితే ఆ నియమాలు ఏడేళ్ల లోపు వాహనాలకే పరిమితం. వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరిగే ఇటువంటి లోపానికి ఏడేళ్ల గీత గీయడం నాకు సబబుగా తోచడం లేదు. నా కారుకు రెండో రీకాల్ వచ్చేనాటికి దాని వయసు ఎనిమిదేళ్లు. పాత కార్లను కూడా కంపెనీలే చొరవ తీసుకుని పిలవడం వల్ల నాలాంటివారు బయటపడ్డారు. సర్వీస్ కేంద్రం డబ్బు అడిగినా, నెలల తరబడి తిప్పినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఇంకొక్క మాట. ఎయిర్‌బ్యాగ్‌ను సొంతంగా విప్పడం, రోడ్డుపక్క మెకానిక్‌తో కనెక్షను తీయించడం, పాత ఇనుము దుకాణాల్లో దొరికే స్టీరింగ్‌ను కొని వేయించడం చేయకండి. ఆ స్టీరింగ్‌లో ఉన్న ఇన్‌ఫ్లేటర్ ఏ రకానిదో, ఎన్నేళ్ల ఎండకు కాగినదో ఎవరూ చెప్పలేరు.

మొన్న దసరాకు ఆ కారును చిత్తూరులో ఉండే మా మేనల్లుడికి ఇచ్చేశాను. ఆర్సీతో పాటు రెండు రీకాల్ కాగితాల నకళ్లు ఇచ్చి, కంపెనీ రికార్డుల్లో నా నంబరు తీయించి, వాడి నంబరు చేర్పించాను.