పాత డిజైర్ డీజిల్ కొనేవారు దాని అదురును ఎలా చూడాలి

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్ల తయారీని ఆపేసింది కాబట్టి, 1.3 లీటర్ల డీడీఐఎస్ డీజిల్ ఇంజిన్ ఉన్న స్విఫ్ట్ డిజైర్ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. మూలంలో ఇది ఫియట్ మల్టీజెట్ ఇంజిన్; టాటా విస్టాలో క్వాడ్రాజెట్ పేరుతో వచ్చినదీ ఇదే.

అందరూ దీని మైలేజీని పొగుడుతారు. హైవేపై ఇది చూపే నిలకడ అంతకన్నా గొప్పదని నా అభిప్రాయం. 1248 సీసీని నాలుగు సిలిండర్లకు పంచడం వల్ల ఒక్కో సిలిండర్ వ్యాసం 69.6 మిల్లీమీటర్లే. రెండు పిస్టన్లు పైకి వెళ్తుంటే మిగతా రెండు కిందికి దిగుతాయి గనుక వాటి ప్రధాన బలాలు సరితూగిపోయి, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ వేగానికి రెట్టింపు వేగంతో వచ్చే చిన్న అదురు మాత్రమే మిగులుతుంది. మూడు సిలిండర్ల డీజిల్‌లో పైకీ కిందికీ పనిచేసే బలాలు సరితూగినా, ఇంజిన్ ఈ కొస నుంచి ఆ కొసకు ఊగే గుణం ఉంటుంది.

ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, కథ వేరు. అక్కడ వణికించేది పిస్టన్ల బరువు కాదు, ఇంధనం మండినప్పుడు క్రాంక్‌షాఫ్ట్‌పై పడే దెబ్బ. 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) వద్ద నిమిషానికి 1600 సార్లు పడే ఆ దెబ్బల్ని అంత తక్కువ వేగంలో ఫ్లైవీల్ అనే బరువైన చక్రం పూర్తిగా సర్దలేదు. మిగిలినదాన్ని ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులే మింగాలి. వాటి రబ్బరు గట్టిపడిందంటే గేర్ రాడ్, స్టీరింగ్ వణుకుతాయి, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువవుతుంది. అమ్మేవారు ‘డీజిల్ అంటే అంతే’ అని తేల్చేయడమూ, కొనేవారు ‘ఇంజిన్ పోయింది’ అని బెదిరిపోవడమూ రెండూ సరికాదు.

అదురు ఒకే లయలో ఉంటే ముందు మౌంటింగులు చూపించండి. మధ్యమధ్యలో తడబడుతుంటే ఇంధనం చిమ్మే ఇంజెక్టర్‌నో సిలిండర్లలో గాలి నొక్కుకునే ఒత్తిడిని (కంప్రెషన్)నో పరీక్షించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. గంటకు 80 కిలోమీటర్లు దాటాక మాత్రమే వచ్చి, ఏ గేరులోనైనా ఒకేలా ఉండే వణుకు చాలావరకు చక్రాల బ్యాలెన్సింగ్‌దే. దానికి ఇంజిన్‌ను నిందించడం అన్యాయం.

190 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) 2000 ఆర్‌పీఎం వద్ద అందుతుంది. అంతకన్నా బాగా కింద, పెద్ద గేరులో లాగిస్తే బండి గునుస్తుంది, వణుకుతుంది. కనుక రోజూ నగర ట్రాఫిక్‌లోనే తిరిగేవారికి దీన్ని సిఫారసు చేయను. హైదరాబాద్-విజయవాడ వంటి దూరాలు తరచుగా వెళ్లేవారు మాత్రం, మౌంటింగుల ఖర్చును ధరలో తగ్గించుకుని, నిశ్చింతగా తీసుకోవచ్చు.