వైద్య శిబిరం పెట్టించాలా, ఊరి ఆరోగ్య ఉపకేంద్రాన్ని నడిపించాలా: ఏది మేలు?

ఊరి ఆరోగ్యానికి ఏదైనా చేయాలని సర్పంచ్ తలపెట్టినా, సంక్రాంతికి సొంతూరు వచ్చిన ప్రవాసులు తలపెట్టినా, మొదట తట్టేది ఉచిత వైద్య శిబిరమే. బడి ఆవరణలో షామియానా, పట్నం నుంచి డాక్టర్లు, పొద్దున్నే బారులు తీరిన వృద్ధులు. రెండో దారి అంతగా కంటికి ఆనదు. ఊళ్లో ఇప్పటికే ఉన్న ఆరోగ్య ఉపకేంద్రం, అక్కడి నర్సు (ఏఎన్‌ఎం), ఆశా కార్యకర్త, అంగన్‌వాడీల పనికి ఏమి అడ్డుపడుతోందో నెలనెలా కనుక్కుని, ఆ అడ్డు తొలగించడం ఆ దారి. ఉన్న డబ్బు, పలుకుబడి ఒక్కదానికే సరిపోతాయనుకుంటే నేను రెండోదే ఎంచుకుంటాను.

శిబిరం నిజంగా మేలు చేసే చోటు లేకపోలేదు. కంటి శుక్లాన్నే తీసుకోండి. గుర్తించి, ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆపరేషన్ చేయించి, తర్వాతి పరీక్షలు కూడా అయ్యేలా చూస్తే ఆ మనిషికి చూపు తిరిగి వస్తుంది. అయితే ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ సైతం శిబిరాలతో సరిపెట్టుకోలేదు. సుమారు 50,000 జనాభాకు ఒకటి చొప్పున శాశ్వత దృష్టి కేంద్రాలు ఉండాలన్న లెక్కతో పల్లెలకు విస్తరించింది. కళ్లజోడు మార్చుకోవలసిన మనిషి మళ్లీ ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియాలి కదా!

బీపీ, షుగరు దగ్గరికి వచ్చేసరికి శిబిరం బలహీనత బయటపడుతుంది. బీపీ ఎక్కువగా ఉందని చెప్పి పది రోజుల మాత్రలు ఇస్తారు. పదకొండో రోజు మాత్ర ఎవరిస్తారు? మందు ఆగితే బీపీ మళ్లీ పెరుగుతుంది. పైకి ఏ బాధా తెలియదు కాబట్టి ఆ మనిషీ పట్టించుకోడు, పక్షవాతం వచ్చినప్పుడు గానీ ఇంట్లోవాళ్లకు తెలియదు. శిబిరానికి వచ్చినవాళ్లలో ఆరు నెలల తర్వాత ఎందరు మాత్రలు వేసుకుంటున్నారని అడిగేవారు కావాలి. ఉపకేంద్రంలో మందులు నిండుకుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) ఫోను చేసి గట్టిగా అడిగేవారు కావాలి. సర్పంచ్ అడిగితే వచ్చే జవాబు, ఒంటరిగా వెళ్లిన ముసలమ్మ అడిగితే రాదు.

అడిగే హక్కు కూడా సర్పంచ్‌కు ఉంది. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు చూపిన 29 అంశాల్లో ఆరోగ్యం, పారిశుద్ధ్యం ఒకటి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి ఏటా 10,000 రూపాయల వరకు నిధి ఇచ్చే ఏర్పాటు జాతీయ ఆరోగ్య మిషన్‌లో ఉంది. చిన్న మొత్తమే అయినా, ఆ పేరుతో నెలకోసారి అందరూ ఒకచోట కూర్చుంటే ఏ గర్భిణికి రక్తం తక్కువగా ఉందో, ఏ ఇంటి బిడ్డకు టీకా తప్పిందో బయటికి వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15-49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. ఒక్క రోజు శిబిరంతో తీరే లోటా ఇది?

దాతల డబ్బు ఉంటే నేను క్షయ రోగుల ఇళ్లవైపు చూపిస్తాను. జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు నెలనెలా ఆహార దినుసులు ఇచ్చి చూసిన అధ్యయనం 2023లో వెలువడింది. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది. నిక్షయ్ మిత్ర పథకం కింద ఎవరైనా ఒక రోగికి ఆరు నెలల పోషకాహారం అందించవచ్చు. షామియానా, భోజనాల ఖర్చుతో ఎన్ని ఇళ్లు నిలబడతాయో లెక్క వేసుకోండి.

ఏజెన్సీ గూడేల సంగతి వేరు. రోడ్డు లేని కొండకు అంబులెన్సు విరాళమిచ్చినా అది కిందే ఆగిపోతుంది, గర్భిణి డోలీలోనే దిగాలి. అక్కడ నెలలు నిండక ముందే ఆమెను పార్వతీపురం మన్యం జిల్లా సాలూరులో ఉన్నలాంటి గర్భిణుల వసతి గృహానికి చేర్చడమే మేలు. అందుకు ఇంటివాళ్లను ఒప్పించడం బయటివాళ్ల వల్ల కాదు, గూడెం పెద్ద చెప్పాలి.

ఈ పని సర్పంచ్ చూడాలా, మహిళా సంఘం నాయకురాలా? మందులు, నీళ్లు, రోడ్డు గురించి అధికారులను నిలదీయడానికి సర్పంచ్. ఇళ్లలోని సంగతులు తెలిసి, మాత్ర వేసుకున్నావా అక్కా అని అడగడానికి సంఘం నాయకురాలు. ఒక్కరినే ఎంచుకోమంటే నేను ఆమెనే ఎంచుకుంటాను, ఎందుకంటే మాత్ర మానేసిన సంగతి మొదట తెలిసేది ఆమెకే.

ఈసరికే శిబిరం ఖాయమైపోయి ఉంటే రద్దు చేయనక్కరలేదు. డాక్టరు బల్ల పక్కనే ఆశా కార్యకర్తకూ కుర్చీ వేయండి. బీపీ, షుగరు బయటపడిన ప్రతి ఒక్కరి పేరూ ఆమె పుస్తకంలోకి ఎక్కాలి. షామియానా విప్పేలోపే ఏఎన్‌ఎంతో మాట్లాడి, వాళ్లంతా ఉపకేంద్రానికి రావలసిన తేదీ చెప్పి పంపండి.