క్లాసిక్ స్లాట్ కారుకి ఏ బాడీ మేలు: రెజినా, వాక్యూమా, కిట్టా?

స్లాట్ కారంటే ట్రాక్‌లో ఉండే గాడి వెంట కరెంటుతో పరిగెత్తే చిన్న కారు. 1960ల నాటి రేసు కారుని 1/32 స్కేల్లో, అంటే అసలు కారులో 32వ వంతు సైజులో, సొంతంగా కట్టుకుని ట్రాక్ మీద పరిగెత్తించాలనుకునేవాళ్లకి బాడీ దొరకడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. ఎంచుకోవడంలోనే ఉంది చిక్కంతా. పేరున్న కారైతే మూడు నాలుగు రకాల బాడీల్లో దొరుకుతుంది. ఏ రకం తీసుకున్నామన్నదాన్ని బట్టి ఛాసిస్ (బాడీ కింద ఉండే చట్రం), మోటార్, చివరికి రంగు డబ్బా కూడా మారిపోతుంది.

ఫెరారీ 250 జీటీఓనే తీసుకుందాం. 1962లో వచ్చింది, ఇంజన్ ముందు భాగంలో. వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 2400 మి.మీ., 32తో భాగిస్తే సరిగ్గా 75. దాని 15 అంగుళాల చక్రం మన స్కేల్లో 12 మి.మీ.కి ఒక పిసరు తక్కువ. ఈ రెండు కొలతలు కాగితం మీద రాసుకోకుండా ఏ బాడీకీ డబ్బు కట్టొద్దు. పెట్టె మీద 1/32 అని ఉన్నా లోపలి బొమ్మ అటూ ఇటూగా ఉండటం పాత కిట్లలో (ముక్కలు అతికించి కట్టుకునే బొమ్మ కార్లలో) మామూలే. ముందు వీల్ ఆర్చ్ (చక్రం మీద బాడీలో ఉండే కమాను) మధ్య నుంచి వెనక వీల్ ఆర్చ్ మధ్యకి ఎంతుందో స్కేలు పెట్టి ఫొటో తీసి పంపమని అమ్మేవాళ్లని అడగండి. మంచి వ్యాపారి విసుక్కోడు.

వాక్యూమ్ బాడీ అంటే వేడి చేసిన పలచటి ప్లాస్టిక్ షీటుని అచ్చు మీద పరిచి, కిందనుంచి గాలి లాగేసి చేసేది. ఒకప్పుడు బ్యుటిరేట్ వాడేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా లెక్సాన్, అంటే పాలికార్బనేట్. 1/32లో బరువు పది గ్రాములు దాటడం అరుదు. బరువంతా కింద ఛాసిస్‌లో ఉంటుంది కాబట్టి మలుపులో కారు అంత తేలిగ్గా తిరగబడదు. గోడకి కొట్టుకున్నా లోపలికి నొక్కుకుని మళ్లీ లేస్తుంది. 1960ల మధ్యలో అమెరికాలో ఊరూరా ట్రాకులు వెలిసినప్పుడు, గెలుపే ముఖ్యం అనుకున్నవాళ్లు దీనివైపు వెళ్లింది ఇందుకే.

దీనికి రంగు లోపలినుంచి వేయాలి, అదీ తలకిందుల వరసలో. ముందు అద్దాలకి మాస్కింగ్ టేపు, తర్వాత నంబరు గుండ్రాలు, చారలు, ఆ తర్వాత ఎరుపు, చివర్న ఎరుపు వెనక తెలుపో వెండిరంగో. ఆ చివరి పూత ఎగ్గొడితే ఎరుపులోంచి మోటార్ నీడ కనిపిస్తుంది. టమియా స్ప్రేల్లో పీఎస్ సిరీస్ పాలికార్బనేట్‌కి, టీఎస్ సిరీస్ కిట్ ప్లాస్టిక్‌కి. ఒకటి బదులు ఇంకొకటి వాడకండి. క్లబ్ రేసుకైతే వాక్యూమ్ బాడీకి తిరుగులేదు. జీటీఓకి మాత్రం నేను ఒప్పుకోను. ముక్కు మీద ఉండే ఆ మూడు అర్ధచంద్రాకారపు రంధ్రాలు, ఫెండర్ల పక్కన గాలి చీలికలు, అవే కదా ఆ కారు మొహం! పలచటి షీటులో అవి మెత్తబడి ఉత్త గుంటల్లా మిగులుతాయి.

రెజిన్ బాడీలు సిలికాన్ అచ్చులో పోలియురెథేన్ పోసి తీస్తారు. ఇంగ్లండ్‌లో జార్జ్ టర్నర్ మోడల్స్ లాంటి చిన్న తయారీదారుల పని ఇది. పెద్ద కంపెనీలు ముట్టుకోని కార్లు ఇక్కడే దొరుకుతాయి. అంచులు పదునుగా ఉంటాయి, చేతిలోకి తీసుకుంటే కారు పట్టుకున్నట్టే ఉంటుంది. చాకిరీ మాత్రం ఎక్కువ. పెట్టె విప్పగానే గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు మిగిలిపోతే ప్రైమర్ పొరలుగా లేచిపోతుంది. ప్రైమర్ కొట్టాకే సూదిమొనంత గాలిబుడగలు ఒక్కొక్కటే బయటపడతాయి. పుట్టీ పెట్టి, వాటర్ పేపర్ తడిపి రుద్దండి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకే పోతుంది, కాబట్టి మాస్కు తప్పనిసరి. పోస్టులో వంగి వచ్చిందా, టెన్షన్ పడక్కర్లేదు. కాసేపు వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక వేళ్లతో సరిచేసి, చదునైన బల్ల మీద పెట్టి నాలుగు మూలలూ ఆనుతున్నాయో లేదో చూసి, చన్నీళ్లలో వేస్తే అలాగే బిగుసుకుంటుంది.

దీని లోపం బరువు. 30, 40 గ్రాములున్నా ఆశ్చర్యం లేదు, పైగా అదంతా ఎత్తులో ఉంటుంది. చిన్న రోటరీ టూల్‌తో పైకప్పు లోపలివైపు పలచన చేయండి. అక్కడ తీసిన ఒక్క గ్రాము కింద అంచుల్లో తీసిన రెండు మూడు గ్రాముల పెట్టు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తూ గీకితే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

ప్లాస్టిక్ కిట్ మధ్యేమార్గం. గీతలు పదును, అద్దాలు అందులోనే వస్తాయి, రెజిన్ కంటే బాగా తేలిక. మ్యాచ్‌బాక్స్ ఒకప్పుడు 1/32లో ఆస్టన్ మార్టిన్ అల్స్టర్, బుగాటి టైప్ 59 కిట్లు చేసింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కార్లంటే ఇష్టమున్నవాళ్లకి అవి నిధి. అయితే కిట్ అనేది షెల్ఫులో నిలబెట్టడానికి చేసినది. ముక్కు, వెనక అంచు ఒక్క దెబ్బకి విరుగుతాయి కాబట్టి లోపల స్టైరీన్ పట్టీలు అతికించాలి. మోటార్‌కి, గేర్లకి చోటు కావాలి కనుక సీట్లు, ఫ్లోరు కోసేసి, డ్రైవర్ని నడుము పైభాగం వరకే కూర్చోబెట్టాలి. ముక్కలన్నీ సరిగ్గా ఉన్న పాత కిట్‌ని దీనికోసం కోయడం నాకు ఇష్టం ఉండదు. సగం అతికించి వదిలేసినవి, భాగాలు పోయినవి సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. మనకి కావలసింది పై డొక్కు, అద్దాలు, అంతే కదా.

3డీ ప్రింట్ గురించి రెండు ముక్కలు. ఎవరూ తయారుచేయని కారు కావాలంటే ఇదే దారి, పైగా ఫైలుని మనకి కావలసిన స్కేలుకి మార్చుకోవచ్చు. కానీ వంపు తిరిగిన ఫెండర్ల మీద పొరల గీతలు మెట్లమెట్లుగా వస్తాయి, వాటిని రుద్దే ఓపిక ఉండాలి. ఆర్డర్ మీద 3డీ ప్రింట్లు చేసి పంపే షేప్‌వేస్ కంపెనీ 2024 జూలైలో దివాలా తీసినప్పుడు దానిమీదే ఆధారపడి ఛాసిస్‌లు అమ్ముతున్న చిన్న డిజైనర్లకి ఒక్కసారిగా దుకాణం లేకుండా పోయింది. తర్వాత పాత మేనేజ్‌మెంట్ వాళ్లే దాన్ని తిరిగి నిలబెట్టారు. అందుకే వీలుంటే ప్రింట్‌కి బదులు ఫైలే కొనుక్కోండి.

ఇక కింది భాగం. 1960ల నాటి అసలు మోటార్లు, టైర్లు సంపాదించాలని చాలామందికి ఉంటుంది. చూసుకోవడానికైతే సరే, పరిగెత్తించడానికి వద్దు. టైర్లు గట్టిపడి పట్టు కోల్పోతాయి, మోటార్ అయస్కాంతాలు బలహీనపడి ఉంటాయి. కొత్తవే మేలు: 3/32 అంగుళాల ఇరుసు, అంటే 2.38 మి.మీ., ఎఫ్‌సీ-130 సైజు చిన్న మోటార్, 9 పళ్ల పినియన్‌కి (మోటార్ మీది చిన్న గేరు) 27 పళ్ల క్రౌన్ (ఇరుసు మీది పెద్ద గేరు), యురెథేన్ టైర్లు. ఇంగ్లండ్‌లో పెనలోపి పిట్‌లేన్ ఇలాంటి భాగాలు చేస్తుంది, పెండిల్ స్లాట్ రేసింగ్ లాంటి షాపులు అమ్ముతాయి.

ఛాసిస్‌కి నా ఓటు ఇత్తడికే. ఇత్తడి రేకు, ట్యూబు, పియానో వైరు (గట్టి ఉక్కు తీగ) కలిపి టంకం వేస్తే వీల్‌బేస్ 75 అంటే 75కే వస్తుంది, పైగా ఆ బరువు ఉండాల్సిన చోటే, కిందే ఉంటుంది. రెజిన్ బాడీ పైబరువుకి ఇదే సరైన విరుగుడు. కారుని ట్రాక్‌కి లాగిపట్టే అయస్కాంతం పెట్టకుండానే అది ముద్దుగా జారుతూ మలుపు తిరుగుతుంది. బాడీ స్క్రూలు పూర్తిగా బిగించకుండా అర చుట్టు వదులు చేస్తే బాడీ కొద్దిగా కదులుతూ అదురుని మింగేస్తుంది.

కాబట్టి జీటీఓకి నేను చెప్పేది రెజిన్ బాడీ, ఇత్తడి ఛాసిస్, కొత్త మోటార్. రేసు గెలవడమే లక్ష్యమైతే వాక్యూమ్. టంకం అలవాటు లేనివాళ్లు, మొదటిసారి కట్టేవాళ్లు పాత కిట్ బాడీ, సైజు సర్దుకునే రెడీమేడ్ ఛాసిస్ తీసుకోండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి తెప్పించుకునేవాళ్లు పియానో వైరు, ఇత్తడి ట్యూబు కోసం ముందు ఏరోమోడలింగ్ సామాన్ల షాపుల్లో అడిగి చూడండి. బయటనుంచి తెప్పించేవన్నీ ఒకే పార్సిల్లో వేయించుకోండి. జీటీఓకైతే ఆ లిస్టులో తీగ చక్రాల ఇన్‌సర్ట్‌లు (రిమ్ములో కూర్చోబెట్టే తీగల బిళ్లలు) మర్చిపోవద్దు. రిమ్ము, ఇన్‌సర్ట్ ఒకే దుకాణంలో తీసుకోవడం మంచిది, అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఇన్‌సర్ట్ లోపల కూర్చోదు.